మార్లవాయి మట్టిలో కలిసిన పరిశోధకుడు – హైమన్‌డార్ఫ్

ఆదిలాబాద్ ప్రాంతంలో హైమన్‌డార్ఫ్ పేరు వినని ఆదివాసీ కుటుంబం లేదంటే అతిశయోక్తి కాదు. ఆయన భూమి పట్టాలు ఇప్పించాడని, బడి పెట్టించాడని, కేస్లాపూర్ జాతరలో దర్బారు మొదలుకావడానికి కారకుడయ్యాడని మన పెద్దలు చెబుతూనే ఉంటారు. మార్లవాయిలో ఆయన వర్ధంతి జరుపుకుంటాం. అయితే ఆయన ఇదంతా ఎలా చేయగలిగాడన్న ప్రశ్న మాత్రం మనలో తక్కువ మంది వేసుకున్నాం. ఆయన మంత్రి కాదు, జమీందారు కాదు. తుపాకీ పట్టిన ఉద్యమకారుడూ కాదు. ఆయన చేతిలో ఉన్నది ఒక నోటుబుక్కు, ఒక కెమెరా, ఓపికగా సేకరించిన సమాచారం. ఆ సమాచారమే ప్రభుత్వాన్ని కదిలించింది.

నేడు మన పిల్లలు డిగ్రీలు, పీజీలు చదువుతున్నారు. కొందరు పీహెచ్‌డీలు చేస్తున్నారు. ఇంకొందరు సర్వేల కోసం ఫారాలు పట్టుకుని గూడేలకు వెళ్తున్నారు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో హైమన్‌డార్ఫ్ జీవితాన్ని ఆయన పని చేసిన పద్ధతి వైపు నుంచి చెప్పాలనుకున్నాం.

వియన్నా నుంచి లండన్ దాకా

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేట్ పొందారు. ఆయన సిద్ధాంత గ్రంథం అస్సాం, వాయవ్య బర్మా కొండ జాతుల సమాజ నిర్మాణం గురించి. విచిత్రం ఏమిటంటే అప్పటికి ఆయన ఆ కొండలను చూడలేదు. గ్రంథాలయంలో కూర్చుని, ఇతరులు రాసిన పుస్తకాలు, నివేదికలు చదివి ఆ గ్రంథం రాశారు. ఆ రోజుల్లో చాలా మంది పండితులు చేసిందీ అదే.

ఆ తర్వాత రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద లండన్ వెళ్లారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బ్రోనిస్లా మలినోవ్‌స్కీ నడిపే చర్చాగోష్ఠులకు హాజరయ్యారు. మలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్ మహాసముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో అక్కడి ప్రజల మధ్యనే ఉండి, వారి భాష నేర్చుకుని పరిశోధన చేసిన వ్యక్తి. ఒక సమాజం గురించి రాయాలంటే ఆ సమాజంలో బతకాలి, రోజూ జరిగే చిన్న చిన్న సంగతులు కూడా చూసి రాసుకోవాలి, జనం చెప్పేదానికీ చేసేదానికీ మధ్య తేడాను గమనించాలి అన్నది ఆయన బోధన సారం. దీనినే పరిశోధకులు భాగస్వామ్య పరిశీలన అంటారు.

ఇది ఎంత పెద్ద మార్పో అర్థం కావాలంటే అంతకుముందు మన గురించి సమాచారం ఎలా సేకరించేవారో తెలియాలి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు ప్రచురించారు. ఆ కాలపు పరిశోధకులు కొలత పరికరాలతో మనుషుల తలలు, ముక్కులు కొలిచి జాతులను వర్గీకరించే పని పెట్టుకున్నారు. మిగతా సమాచారం ఎక్కువగా తహసీల్దార్లు, పోలీసులు, మిషనరీలు పంపిన కాగితాల నుంచి వచ్చేది. నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ పేరుతో 1920లో ఒక గ్రంథం వచ్చింది. వీటిలో పనికివచ్చే వివరాలు లేవని అనలేం. కానీ ముక్కు కొలత చెప్పిన కాగితం ఆ మనిషి ఆకలిని చెప్పదు. అతని భూమి ఎవరి పేరున రాసుకున్నారో చెప్పదు.

నాగా కొండల్లో తొలి పాఠం

1936లో హైమన్‌డార్ఫ్ నాగా కొండలకు వచ్చారు. కోన్యక్ నాగాల వాక్చింగ్ గ్రామంలో మకాం పెట్టి సుమారు ఏడాది గడిపారు. అక్కడి బ్రిటిష్ అధికారి, స్వయంగా నాగాల మీద పుస్తకాలు రాసిన జె.పి. మిల్స్ ఆయనకు తోడ్పడ్డారు. పుస్తకాలు చూసి రాసిన సమాజాన్ని ఇప్పుడు కళ్లతో చూశారు. ఫొటోలు తీశారు, ఫిల్ము తీశారు, వస్తువులు సేకరించారు. ఆ అనుభవాలతో రాసిన పుస్తకం 1939లో వెలువడింది. దాని పేరు ‘ది నేకెడ్ నాగాస్’. ఒక జాతిని నగ్నత్వంతో గుర్తించే ఆ పేరు ఈనాటి చెవికి ఇంపుగా ఉండదు. ఆ విషయం మళ్లీ మాట్లాడుకుందాం.

1938లో ఆయన బెట్టి బర్నార్డోను పెళ్లి చేసుకున్నారు. ఎలిజబెత్ ఆమె అసలు పేరు. ఆ రోజు నుంచి ఆమె చనిపోయే వరకు దాదాపు ప్రతి అడవిలో, ప్రతి కొండ మీద ఆమె ఆయనతో ఉన్నారు. గుడారాలు, దారులు, వంట, మందులు చూసుకోవడంతో పాటు ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి వివరాలు రాబట్టడం కూడా ఆమె చేసేవారు. మగ పరిశోధకుడికి గుడిసె లోపలి ముచ్చట సులభంగా తెలియదు. హైమన్‌డార్ఫ్ పేరు చెప్పుకున్నప్పుడల్లా బెట్టి పేరు కూడా చెప్పుకోవడం న్యాయం.

యుద్ధం హైదరాబాద్‌లో ఆపేసింది

1939లో దంపతులు మళ్లీ భారతదేశం వచ్చారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 1938లోనే జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకుంది కాబట్టి హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వారి లెక్కలో ఆయన శత్రుదేశ పౌరుడు. కానీ నిజాం రాజ్యం వదిలి వెళ్లకూడదన్న షరతుతో ఆయనను అక్కడి తెగల మధ్య పరిశోధన చేసుకోనిచ్చారు. ఒక విధంగా అది నిర్బంధం. ఆ నిర్బంధమే మన చరిత్రకు కలిసొచ్చింది.

మొదట ఆయన నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమికి, చెంచుల దగ్గరకు వెళ్లారు. చెంచులు ఒక చోట స్థిరంగా ఉండేవారు కాదు. గడ్డలు, పండ్లు, తేనె, వేట కోసం కాలాన్ని బట్టి ఒక పెంట నుంచి ఇంకో చోటికి కదిలేవారు. అలాంటి వారి గురించి ఒక చోట కుర్చీ వేసుకుని కూర్చుని అడిగితే ఏమీ తెలియదు. పరిశోధకుడే కదలాలి. హైమన్‌డార్ఫ్ దంపతులు పెంట పెంటకూ తిరిగి, ఏ పెంటలో ఎన్ని కుటుంబాలున్నాయి, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ గుంపుకు ఏ అడవి హద్దు, ఏ నెలలో ఏం తింటారు అన్న వివరాలు రాసుకున్నారు. ఆ ఫలితంగా 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది. అడవిలో చెంచులు స్వేచ్ఛగా తిరిగే హక్కును కాపాడేందుకు వారికంటూ ఒక ప్రాంతాన్ని కేటాయించాలని ఆయన ప్రభుత్వానికి సిఫారసు చేశారు.

తర్వాత గోదావరి ఒడ్డున పాపికొండల ప్రాంతంలో కొండరెడ్ల దగ్గరకు వెళ్లారు. అక్కడ పోడు సేద్యం గురించి, పండుగల గురించి రాసుకుంటూనే మరో సంగతి గమనించారు. కలప, వెదురు వ్యాపారులు కొండరెడ్లను అప్పుల్లో ముంచి, నామమాత్రపు కూలితో అడవి పని చేయించుకుంటున్నారు. కూలి లెక్క, అప్పు లెక్క కూడా ఆయన నోటుబుక్కులోకి ఎక్కాయి. కొండరెడ్ల మీద పుస్తకం 1945లో వెలువడింది. పాటలు, ఆచారాలు మాత్రమే సంస్కృతి కాదని, ఎవరికి ఎంత బాకీ ఉన్నారో కూడా పరిశోధకుడు అడగాలని ఆయన పని మనకు చూపిస్తుంది.

జోడేఘాట్ తర్వాత

1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీం నాయకత్వంలో మన వాళ్లు తిరగబడ్డారు. నిజాం పోలీసుల కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు అమరులయ్యారు. ప్రభుత్వానికి అది శాంతిభద్రతల సమస్యగా కనిపించింది. కానీ గోండులు, కోలాములు ఎందుకు తిరగబడ్డారన్న ప్రశ్నకు పోలీసు రికార్డులో జవాబు లేదు. ఆ జవాబు వెతికే పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. స్వయంగా బస్తర్ మారియా గోండుల మీద పుస్తకం రాసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ ఆ రోజుల్లో నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ శాఖ బాధ్యతలు చూసేవారు. ఆయన మద్దతు ఈ పనికి బలమైంది.

హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో మన ఇళ్లలాంటి గుడిసె వేసుకుని మకాం పెట్టారు. అక్కడి నుంచి చుట్టుపక్కల గూడేలన్నీ తిరిగారు. అక్కడ ఆయన పాటించిన పద్ధతులను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది భాష. దుబాసీ మీద ఆధారపడితే దుబాసీకి తోచిందే కాగితం మీదికి వస్తుంది. అందులోనూ దుబాసీ పట్వారీ మనిషో, వ్యాపారి మనిషో అయితే భూమి గురించి నిజం ఎవరు చెబుతారు? అందుకే హైమన్‌డార్ఫ్ గోండి నేర్చుకున్నారు. మన మాటలో మనతో మాట్లాడే తెల్ల మనిషిని చూసి మొదట జంకిన వాళ్లు తర్వాత మనసు విప్పారు.

రెండోది కలిసి ఉండటం. ఒక రోజు వచ్చి పోయే అధికారి చూసేది ఊరు శుభ్రం చేసుకుని, కుర్చీ తెచ్చి వేసిన రోజును. ఏడాది పాటు ఉన్నవాడు విత్తనం వేసే రోజు, పంట లేని రోజు, చావు, పెళ్లి, పంచాయితీ, దండారి, పెర్సాపెన్ పూజ అన్నీ చూస్తాడు. దండారిలో గుసాడీలు ఎలా కదులుతారో ఒక పెద్దమనిషి నోటితో చెప్పడం వేరు. రాత్రంతా నిలబడి చూడటం వేరు.

మూడోది వంశవృక్షాల సేకరణ. ఈ పద్ధతిని ఇంగ్లండ్ పరిశోధకుడు డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ రూపొందించారు. నీలగిరుల్లోని తోడాల మధ్య కూడా ఆయన దీన్ని వాడారు. పద్ధతి చూడటానికి సులభం. నీ తండ్రి పేరేమిటి, తల్లి ఏ ఊరి ఆడబిడ్డ, నీ అక్కచెల్లెళ్లను ఎక్కడికి ఇచ్చారు, తాత ఎక్కడి నుంచి వచ్చి ఇక్కడ అడవి కొట్టాడు అని ఒక్కొక్క పేరు రాసుకుంటూ పోవాలి. మీ పెళ్లి ఆచారం ఏమిటని అడిగితే జవాబు పుస్తకంలోని మాటలా వస్తుంది. పేర్లు అడిగితే నిజంగా జరిగిన పెళ్లిళ్లు బయటపడతాయి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల మధ్య పెళ్లిళ్లు ఎలా కలుస్తాయో, ఒకే సగలో ఎందుకు కుదరవో ఆ పేర్ల పట్టికలోనే కనిపిస్తుంది. ఒక ఇంట్లో చెప్పింది నిజమో కాదో ఆడబిడ్డ అత్తగారి ఊళ్లో అడిగి సరిచూసుకోవచ్చు. ఇంకో ప్రయోజనం కూడా ఉంది. ఒక కుటుంబం ఆ ఊళ్లో ఎన్ని తరాలుగా ఉందో కాగితం మీద రుజువవుతుంది.

నాలుగోది నోటి సాహిత్యం. మన వంశాల పుట్టుక, దేవతల కథలు పరధానుల నోట ఉన్నాయి. కిక్రి వాయిస్తూ వారు పాడే కథలు ఒక్కో సగకూ వేరువేరు. హైమన్‌డార్ఫ్ వాటిని కట్టుకథలని తీసిపారేయలేదు. పాడిన క్రమంలో రాయించుకుని, కటోడలు చేసే పూజతో పోల్చి చూశారు. 1948లో వచ్చిన ‘ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథంలో పురాణగాథలు, పూజా విధానాలే ప్రధానం. రాత లేని జాతికి చరిత్ర లేదని వాదించే వారికి ఆ గ్రంథం ఒక జవాబు.

ఐదోది ఇంటింటి లెక్క, కాగితంతో పోలిక. ఎన్ని జతల ఎద్దులు, ఎన్ని ఎకరాల సేద్యం, పట్టా ఎవరి పేరున, శివాయి జమాబందీ కింద దున్నుతున్నదెంత, అడవి శాఖ హద్దు ఎక్కడ పడింది అని అడిగి, ఆ జవాబులను ప్రభుత్వ రికార్డు పక్కన పెట్టి చూశారు. అక్కడే అసలు గుట్టు తేలింది. రికార్డులో అడవిగా ఉన్న చోట ఊళ్లున్నాయి. తరతరాలుగా గోండు దున్నిన భూమికి పట్టా బయటి నుంచి వచ్చిన వాడి పేరున ఉంది. రిజర్వు అడవి గీత గీసినప్పుడు లోపల ఉన్న గూడేలు చట్టం దృష్టిలో ఆక్రమణలైపోయాయి. జోడేఘాట్‌లో పేలిన తుపాకీకి కారణం అక్కడ ఉంది.

ఆరోది ఫొటో, ఫిల్ము, రోజువారీ డైరీ. ఏ రోజు ఏం చూశారో ఆ రోజే రాసుకునే అలవాటు ఆయనది. జ్ఞాపకం మోసం చేస్తుంది, తేదీ వేసిన నోటు మోసం చేయదు. ఆనాటి ఇళ్లు, నగలు, వాయిద్యాలు, నాట్యాలు ఆ ఫొటోల్లో అలాగే నిలిచిపోయాయి.

లెక్కలు జీవోలుగా మారినప్పుడు

ఈ సమాచారమంతా ‘ట్రైబల్ హైదరాబాద్’ అనే నివేదికల సంపుటిగా 1945లో అచ్చయింది. ప్రచురించింది నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖే. తన రికార్డులు తప్పని చెప్పే పుస్తకాన్ని ప్రభుత్వమే అచ్చువేసింది. ఎందుకంటే అందులో ఉన్నది ఆవేశం కాదు, ఊరి పేరుతో, వివరాలతో ఉన్న ఆధారం.

ఫలితాలు వచ్చాయి. గోండులు, కోలాములు తదితరులకు పట్టాలివ్వడం మొదలైంది. హైమన్‌డార్ఫ్ తర్వాత రాసిన లెక్క ప్రకారం ఆదిలాబాద్ జిల్లాలో 11,000కు పైగా ఆదివాసీ రైతులకు దాదాపు 1,60,000 ఎకరాలు అందాయి. 1943లో మార్లవాయిలో మన వాళ్లకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. అక్కడ తయారైన గోండు ఉపాధ్యాయులు తమ గూడేల్లో బడులు నడిపారు. గోండిలో వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. గోండి నేర్చుకుని మన మధ్య పని చేసిన అధికారి, చరిత్రకారుడు సేతుమాధవరావు పగ్డీ కూడా ఆ కాలపు మనిషే. కేస్లాపూర్ నాగోబా జాతరకు వచ్చే వేలాది మంది దగ్గరకే అధికారులు వచ్చి ఫిర్యాదులు వినే దర్బారు కూడా 1940లలో ఆయన సూచనతో మొదలైంది. గిరిజన ప్రాంతాల పాలనకు ప్రత్యేక నిబంధనలతో 1356 ఫస్లీ, అంటే 1946 నాటి రెగ్యులేషన్ వచ్చింది.

1944–45లో ఆయన ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి ప్రాంతంలో ప్రత్యేక అధికారిగా పనిచేసి అపతానీల మధ్య గడిపారు. తిరిగి వచ్చాక నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా 1949 వరకు ఉన్నారు. తర్వాత లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో చేరి 1976లో పదవీ విరమణ దాకా పనిచేశారు. ఆ మధ్య కాలంలో నేపాల్ షెర్పాల మీద ఆయన చేసిన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

మళ్లీ వచ్చి చూసిన మనిషి

చాలా మంది పరిశోధకులు పుస్తకం రాసి పట్టా పుచ్చుకున్నాక ఆ ఊరి మొహం చూడరు. హైమన్‌డార్ఫ్ అలా చేయలేదు. 1970ల చివర్లో, 60 ఏళ్లు దాటిన వయసులో, బెట్టితో కలిసి మళ్లీ మన గూడేలకు వచ్చారు. 1940లలో తాను రాసుకున్న నోటుబుక్కులు పక్కన పెట్టుకుని అవే ఊళ్లలో మళ్లీ లెక్క తీశారు. దీనిని పునఃపరిశీలన అంటారు. ఒకసారి తీసిన లెక్క ఒక ఫొటో లాంటిది. ముప్పై ఏళ్ల తర్వాత అదే చోట మళ్లీ తీస్తే ఏం పోయిందో తెలుస్తుంది.

పోయింది చాలా ఉంది. తన కళ్ల ముందు పట్టాలు పొందిన కుటుంబాల్లో ఎన్నో భూమి లేని కూలీలుగా మారాయి. రోడ్లు వచ్చాయి, వాటితో పాటు వ్యాపారులు, వలస వచ్చినవారు వచ్చారు. 1959 నాటి భూబదలాయింపు నిషేధ చట్టం, దానిని గట్టి చేసిన 1970 నాటి సవరణ, మనం 1/70 అని పిలిచేది, కాగితం మీద ఉన్నాయి. భూమి మాత్రం చేతులు మారింది. ఈ వివరాలతో 1979లో ఆదిలాబాద్ గోండుల మీద, 1982లో భారత తెగల మనుగడ పోరాటం మీద ఆయన పుస్తకాలు వెలువడ్డాయి. ఆ రెండు పుస్తకాల మధ్యనే, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగి మన వాళ్లు నేలకొరిగారు. 1940లోనూ, 1981లోనూ మూల కారణం ఒక్కటే, భూమి. రెండు కాలాల లెక్కలూ ఒకే మనిషి తీసి పెట్టడం వల్ల ఆ సంగతి ఎవరూ కాదనలేని విధంగా నిలిచింది.

1987 జనవరిలో బెట్టి హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలో ఖననం చేశారు. 1990లో హైమన్‌డార్ఫ్ తన ఆత్మకథ ప్రచురించారు. 1995 జూన్‌లో లండన్‌లో మరణించారు. తర్వాత ఆయన అస్థికలు కూడా మార్లవాయికి వచ్చి బెట్టి పక్కన చేరాయి.

కృతజ్ఞతతో పాటు ప్రశ్న కూడా

మనం ఆయనకు రుణపడి ఉన్నాం. అలాగని ప్రశ్నలు అడగకూడదని కాదు. పరిశోధకుడిని గౌరవించడమంటే ఆయన పనిని కూడా పరీక్షించడమే.

భీంను చంపిన ప్రభుత్వం తరఫునే ఆయన మన దగ్గరకు వచ్చారు. మన కష్టాలు సేకరించిన నివేదిక ఆ ప్రభుత్వ బల్ల మీదికే వెళ్లింది. ఈసారి అది మనకు మేలు చేసింది. కానీ అదే వివరాలు, ఎవరు ఎక్కడ ఉంటారు, ఎవరు నాయకుడు, ఏ దారిన వెళ్లాలి అన్నవి వేరే మనసున్న వాడి చేతిలో పడితే ఏమయ్యేది? సమాచారం కత్తి లాంటిది. ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం.

ఆ కాలపు పుస్తకాల్లో మనలాంటి వారిని ఆదిమ జాతులని, అడవి మనుషులని పిలిచారు. కొన్ని పేర్లు, కొన్ని ఫొటోలు ఈనాడు మనసు నొప్పిస్తాయి. ఫొటో తీసేటప్పుడు మన తాతముత్తాతలను సమ్మతి అడిగే పద్ధతి ఆనాడు నియమంగా లేదు. నేడు ఏ విశ్వవిద్యాలయంలోనైనా, ఎవరి గురించి సమాచారం సేకరిస్తున్నామో వారికి ముందుగా అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలన్నది పరిశోధన నీతిలో మొదటి మెట్టు.

ఇంకొకటి. ఆయన తీసిన వేలాది ఫొటోలు, గంటల కొద్దీ ఫిల్ము, డైరీలు లండన్‌లో ఆయన పనిచేసిన సంస్థ భద్రంగా దాచింది. అవి పాడుకాకుండా ఉండటం మంచిదే. కానీ మన ఊరి ముసలమ్మ ముఖం లండన్‌లో ఉంది, ఆమె మనవరాలు ఆ ఫొటో చూడలేదు. ఆ ముఖాలను గుర్తుపట్టగలిగిన పెద్దలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఫలానా ఊరు, ఫలానా ఇంటిపేరు, ఫలానా వారి తల్లి అని చెప్పగలిగేది మనమే. ఆ పని లండన్ వాళ్లు చేయలేరు.

మన యువత చేతిలో ఉన్న పని

ఇదంతా పాత కథ అనుకోవద్దు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నిబంధనల్లో హక్కు రుజువు కోసం చూపదగిన ఆధారాల పట్టిక ఉంది. ప్రభుత్వ కాగితాలే కాదు, ఇల్లు, గట్లు, బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు, పాత రికార్డుల్లో ఉన్న పూర్వీకుల దాకా చూపే వంశవృక్షం, పెద్దల నోటిమాటను రాతలో పెట్టిన వాంగ్మూలం, ఆచారాల మీద జరిగిన పరిశోధనలు కూడా అందులో ఉన్నాయి. ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు చూపాలని కూడా ఉంది. మార్లవాయి గుడిసెలో కూర్చుని హైమన్‌డార్ఫ్ సేకరించినవి సరిగ్గా ఇవే. ఆనాడు పరాయి దేశస్థుడు చేసిన పనిని ఈనాడు గ్రామసభ చేయాలి. గ్రామసభలో చదువుకున్న పిల్లలు చేయాలి.

అందుకే మన యువతకు కొన్ని మాటలు చెప్పాలనుకుంటున్నాం.

మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. తాత, అవ్వ ఉన్నప్పుడే వంశవృక్షం రాయండి. పేరు, ఇంటిపేరు, సగ, పుట్టిన ఊరు, పెళ్లి జరిగిన ఊరు రాయండి. అమ్మ వైపు, అవ్వ వైపు కూడా వదలకండి. మన రికార్డుల్లో ఆడవాళ్ల పేర్లే ముందుగా మాయమవుతాయి.

రాసిన ప్రతి కాగితం మీద తేదీ, ఊరు, చెప్పిన వారి పేరు, రాసిన వారి పేరు ఉండాలి. ఇవి లేని సమాచారం ఎంత గొప్పదైనా ఆధారంగా నిలబడదు. విన్నదాన్ని, చూసినదాన్ని, మీరు అనుకున్నదాన్ని వేరువేరుగా రాయండి.

ఒక్కరి మాటతో ఆగకండి. పటేల్‌ను అడిగింది కూలి చేసే వాడిని కూడా అడగండి. మగవారిని అడిగింది ఆడవారిని కూడా అడగండి. చెప్పిన హద్దును కాలినడకన వెళ్లి చూడండి. జవాబులు కలవకపోతే దాచిపెట్టకండి, రెండూ రాయండి. తేడా ఉన్న చోటే నిజం దొరుకుతుంది.

జవాబు మనకు కావాల్సినట్టు వచ్చేలా ప్రశ్న అడగకండి. మీ భూమి లాక్కున్నారు కదా అని అడిగితే అవునంటారు. ఈ భూమి మొదట ఎవరు కొట్టారు, తర్వాత ఎవరు దున్నారు, ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు అని అడిగితే కథంతా వస్తుంది.

సెల్‌ఫోన్‌లో రికార్డు చేసే ముందు అడగండి. అందరికీ చెప్పకూడని పూజలు, పేర్లు, స్థలాలు కొన్ని ఉంటాయి. పెద్దలు వద్దంటే ఆపేయండి. ప్రతిదీ సోషల్ మీడియాలో పెట్టడం సంస్కృతిని కాపాడటం కాదు.

సేకరించినది ఊరికి తిరిగి ఇవ్వండి. మీ ప్రాజెక్టు రిపోర్టు ఒక ప్రతి గ్రామసభలో ఉండాలి. ఊళ్లో చదివి వినిపించండి. తప్పుంటే అక్కడే చెబుతారు. అంతకు మించిన పరీక్షకుడు ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకడు.

బయటి నుంచి ఎవరైనా ఫారాలు పట్టుకుని వస్తే, ఈ వివరాలు దేనికి, ఎక్కడ దాస్తారు, మాకు ప్రతి ఇస్తారా అని మర్యాదగా అడగండి. అడగడం మన హక్కు.

హైమన్‌డార్ఫ్ పరాయి భాషలో మన గురించి రాశారు. ఆయన పుస్తకాలు చదివి మన సగల కథలు నేర్చుకోవాల్సిన స్థితి మన తర్వాతి తరానికి రాకూడదు. పరధాను కిక్రి ఇంకా మోగుతోంది, కటోడ ఇంకా పూజ చేస్తున్నాడు, హద్దు రాయి ఎక్కడుందో తెలిసిన అవ్వ ఇంకా బతికే ఉంది. ఈ పంట కోతలు అయిపోయాక వచ్చే తీరిక రోజుల్లో ప్రతి గూడెం నుంచి ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, నోటుబుక్కు పట్టుకుని ఆ ముగ్గురి దగ్గర కూర్చోవాలని మా కోరిక.